పాప పాజిటివ్ అన్నరు: తల్లి నుంచి బిడ్డకు చేరే యాంటీబాడీల కథ

ఈ ఎపిసోడ్‌లో ఫ్యాక్టరీ గురించి కాదు, కాలువ గురించి కాదు, ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం. ఆ కాగితం మా ఇంట్లోదే. బోధన్ షక్కర్‌నగర్ పక్కన మా ఇల్లు. మా తాత నిజాం షుగర్స్‌లో పనిచేసిండు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డదని మీకు తెలుసు. నేను ఫ్యాక్టరీ సైరన్ విని పెరిగిన ఆఖరి బ్యాచ్‌ల వాణ్ణి.

2021 మే నెల. రెండో వేవ్. 12వ తారీఖు నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే బయటకు పోవచ్చు. మా అక్కకు ఎనిమిదో నెల దాటింది. ఏప్రిల్ చివర్లో అక్కకు కరోనా వచ్చింది. రెండు రోజులు జ్వరం, వారం రోజులు వాసన తెల్వలేదు, అంతే. తగ్గిపోయింది. ఆ తర్వాత 25 రోజులకు నొప్పులు మొదలైనయి. ఎడపల్లి మీదుగా నిజామాబాద్‌కు తీసుకపోయినం, దారి పొడుగునా పోలీసులకు ఫైలు చూపించుకుంట. పాప పుట్టింది. బాగానే ఏడ్చింది. కానీ ఫైలు మీద పాజిటివ్ అని రాసి ఉంది కాబట్టి పాపను వేరే గదిలో పెట్టిండ్రు. నాలుగు రోజులు అక్క పాపను ముట్టుకోలేదు.

మూడో రోజు పాపకు ఒళ్లు వెచ్చగా ఉందని రక్తం తీసిండ్రు. రిపోర్టు బావ ఫోన్‌కు వచ్చింది. ముక్కులో తీసిన ఆర్టీపీసీఆర్ నెగెటివ్. కింద ఇంకో లైను: కోవిడ్ యాంటీబాడీ ఐజీజీ రియాక్టివ్. దాని కింద ఐజీఎం నాన్ రియాక్టివ్. బావకు కనబడ్డది ఒక్క రియాక్టివ్ అన్న మాటే. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడ్డది. గంటలో బంధువులందరికీ తెలిసిన వార్త ఏందంటే, పాప పాజిటివ్.

21వ రోజు తొట్టెల చేసినం. వచ్చింది ఆరుగురం. అందులో నలుగురం ఇంటోళ్లమే. బావ వాళ్ల మేనత్త వాకిట్ల దాకా వచ్చి, చీర పెట్టిన సంచి గేటుకు తగిలించి పోయింది. అమ్మమ్మ నన్ను అడిగింది, "పిల్లకు గూడ అంటుకున్నదారా? కడుపులనే అంటుకున్నదా?" నాకు జవాబు తెల్వదు. ఫోన్‌లో వెతికితే ఒకటి చదివితే భయం, ఇంకోటి చదివితే ధైర్యం. అప్పుడు మొదలుపెట్టిన చదువు ఇది. ఇప్పటికి నాకు అర్థమైనంత మీకు చెప్తా.

కథ మనకు బాగా తెలిసిన రెండు గింజలతో మొదలైతది. ఒకటి ఆముదం. ఇంకోటి గురిగింజ. అదే, ఎర్రగా ఉండి మూతి నల్లగా ఉండే గింజ, వెనకట కంసాలి బంగారం తూచేటప్పుడు త్రాసులో వేసేది. రెండింటిలోనూ ఘోరమైన విషం ఉంది. ఆముదం గింజలోని విషం పేరు రైసిన్, గురిగింజలోది అబ్రిన్. (ఇంట్లో చిన్నపిల్లలుంటే గురిగింజలు ఆడుకోవడానికి ఇయ్యకండి. నమిలితే ప్రాణం మీదికొస్తది.) 1890ల మొదట్లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త ఈ విషాలను ఎలుకలకు కొంచెం కొంచెంగా అలవాటు చేసిండు. మొదట చిటికెడు, తర్వాత ఇంకాస్త. కొన్ని వారాలకు ఆ ఎలుకలు మామూలు ఎలుకను చంపే మోతాదును కూడా తట్టుకున్నయి. వాటి రక్తంలో విషాన్ని పట్టుకునేది ఏదో తయారైంది.

అసలు ప్రశ్న ఆ తర్వాతది. ఈ ఎలుకలకు పిల్లలు పుడితే ఆ బలం పిల్లలకు వస్తదా? 1892లో ఎర్లిక్ చెప్పిన జవాబు ఇది. తండ్రి ఎలుకకు మాత్రమే బలం ఉంటే పిల్లలకు ఏమీ రాలేదు. తల్లికి ఉంటే వచ్చింది. కానీ అది శాశ్వతం కాదు, కొన్ని వారాలకు కరిగిపోయింది. అంటే ఇది వంశపారంపర్యం కాదు. ముక్కు, రంగు వచ్చినట్టు వచ్చింది కాదు. తల్లి తన దగ్గర తయారై ఉన్న సరుకులో కొంత బిడ్డకు ఇచ్చింది, బిడ్డ దాన్ని వాడుకుంది, అయిపోయింది. ఎర్లిక్ ఇంకో పని కూడా చేసిండు. పిల్లల్ని మార్చిండు. బలం ఉన్న తల్లి దగ్గర మామూలు ఎలుక పిల్లల్ని పెట్టి పాలు తాగించిండు. వాటికీ బలం వచ్చింది. అంటే దారి ఒక్కటి కాదు, రెండు: కడుపులో ఉన్నప్పుడు ఒకటి, పాలల్లో ఒకటి. ఎర్లిక్‌కు 1908లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం నోబెల్ కంటే ఆ పిల్లల్ని మార్చే ఆలోచనే గొప్పగా అనిపిస్తది. అంత సింపుల్‌గా అడిగిండు, అంత స్పష్టంగా జవాబొచ్చింది.

బర్రెలు, ఆవులు ఉన్న ఇండ్లల్లో ఈ విషయంలో సగం ముందే తెలుసు. దూడ పుట్టంగానే మొదటి పాలు తాగకపోతే బతకదంటరు. నిజమే. ఆవు మాయ గుండా యాంటీబాడీలు దూడకు దాదాపు పోవు. దూడకు వచ్చేదంతా ఆ జున్నుపాలల్లోనే. మనుషులకు వేరు. మన బిడ్డకు రక్తంలో తిరిగే యాంటీబాడీలు పుట్టకముందే మాయ గుండా వస్తయి. ముర్రుపాలల్లో వచ్చేది ఇంకో రకం, ఐజీఏ. అది రక్తంలోకి పోదు. బిడ్డ గొంతులో, పేగుల్లో పూత లెక్క ఉండి కాపలా కాస్తది. మన దగ్గర దూడకు ముర్రుపాలు పట్టించి, సొంత బిడ్డకు మాత్రం పిండి పారబోసిన ఇండ్లు ఎన్నో. మా అమ్మమ్మ ఆ పని చేసింది, తనే చెప్పింది. ఇప్పుడు ఆశా కార్యకర్తలు వెంటపడి మాన్పించిండ్రు.

ఇక ఐజీజీ, ఐజీఎం. మా రిపోర్టులో ఉన్న రెండు లైన్లు ఇవే. కొత్త క్రిమి రాంగనే ఒళ్లు ముందు తయారుచేసేది ఐజీఎం. పెద్ద సైజుది, తొందరపాటు సరుకు. తర్వాత కొన్ని రోజులకు వచ్చేది ఐజీజీ. చిన్నది, గట్టిది, చాలాకాలం ఉంటది. మాయ గుండా బిడ్డకు దాటేది ఐజీజీ ఒక్కటే. ఐజీఎం దాటదు. ఇది అర్థమైతే సగం కథ అర్థమైనట్టే. పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ కనబడితే అది అమ్మది కావొచ్చు. ఐజీఎం కనబడితే అది బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నది, అంటే కడుపులోనే బిడ్డకు సోకిందేమో అని డాక్టర్లు అనుమానిస్తరు. మా పాపకు ఐజీజీ ఉంది, ఐజీఎం లేదు. అంటే ఆ కాగితం చెప్పింది పాపకు కరోనా వచ్చిందని కాదు. అక్క తన ఒంట్లో తయారైన మందుగుండును పాపకు కొంత పంపించిందని. గ్రూపులో పాజిటివ్ అని తిరిగింది ఆ మందుగుండే!

ఎట్ల దాటుతది? ఇది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. మాయ అంటే జల్లెడ కాదు. దాని పై పొరలో కణాల మధ్య సందులే లేవు. ఇంత పెద్ద ప్రొటీన్ ఎట్ల పోతది? వేల్స్‌లోని బ్యాంగర్‌లో బ్రాంబెల్ అనే జంతుశాస్త్రవేత్త కుందేళ్ల మీద ఏండ్ల తరబడి పనిచేసి, యాంటీబాడీని చేయిపట్టి దాటించే గ్రాహకం ఏదో ఉండాలని 1950లు, 60లల్లో వాదించిండు. 1980ల చివర్లో ఆ గ్రాహకం నిజంగా దొరికింది. అది మాయ కణం లోపల ఐజీజీ తోకను పట్టుకుని, అరిగిపోకుండా కాపాడి, అవతల బిడ్డ వైపు వదిలిపెడ్తది. పడవ నడిపినట్టు.

ఈ పడవ అన్ని నెలల్లో ఒకే తీరు నడవదు. నాలుగో నెల దాకా నామమాత్రం. అయిదో నెల చివరికి బిడ్డ దగ్గర తల్లి స్థాయిలో పదో వంతు కూడా ఉండదు. ఏడు, ఎనిమిది నెలలకు సగం దాకా పోతది. చివరి నాలుగు వారాల్లో జోరు ఎంతంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి కంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకే నెలలు నిండక పుట్టిన పిల్లలు ఊరికే జబ్బు పడ్తరు. బరువు తక్కువ అన్నది ఒక్కటే కారణం కాదు, వాళ్లు పడవ ఎక్కే సరుకు సగంలోనే బయటికొచ్చేసిండ్రు.

దీన్ని వాడుకుని మన రాష్ట్రం ఒక పెద్ద పని చేసింది. చాలామందికి తెల్వదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతా. వెనకట పల్లెల్లో మంత్రసాని బొడ్డు కోసేది. కొడవలి, పాత బ్లేడు, ఏది దొరికితే అది. బొడ్డు మీద బూడిదనో పేడనో పెట్టేది. వారం తిరగకముందే బిడ్డ పాలు తాగడం మానేసేది, దవడ బిగుసుకునేది, ఒళ్లు విల్లులా వంగేది. ధనుర్వాతం. దీనికి కారణం వైరస్ కాదు, బ్యాక్టీరియా. కానీ దారి అదే. బిడ్డకు టీకా వేసే టైమ్ లేదు, పుట్టిన వారంలోనే చంపేస్తది. అందుకే టీకా తల్లికి వేసిండ్రు. కడుపుతో ఉన్నప్పుడు టీటీ ఇంజెక్షన్ వేస్తే తల్లిలో ఐజీజీ తయారైతది, పడవెక్కి బిడ్డకు చేరుతది, బొడ్డు కోసే రోజుకు బిడ్డ సిద్ధంగా ఉంటది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ జబ్బును నిర్మూలన స్థాయికి తెచ్చిన మొదటి రాష్ట్రంగా ధ్రువీకరణ పొందింది. అందులో మన నిజామాబాద్ జిల్లా కూడా ఉంది. దేశం మొత్తానికి అది 2015లో వచ్చింది. చెరుకు చేన్లల్లో, క్యాంపుల్లో, బీడీలు చుట్టే ఇండ్లల్లో తిరిగి ఐస్ డబ్బాతో సూదులు వేసిన ఏఎన్ఎంల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

ఇప్పటిదాకా చెప్పింది మంచి వైపు. కడుపుతో ఉన్నప్పుడు వైరస్ వస్తే కథ ఇంత సాఫీగా ఉండదు. ఒక్కో వైరస్ ఒక్కో తీరు.

హెపటైటిస్ బి చూడండి. తల్లి రక్తంలో ఆ వైరస్ తిష్ట వేసుకుని ఉంటే, ఆమె బిడ్డకు యాంటీబాడీలు పంపిస్తది. కానీ అవి వైరస్ లోపలి భాగం మీద తయారైనవి. ఆపే శక్తి వాటికి లేదు. వైరస్ పై పొరను పట్టుకునేవి, అంటే పనికొచ్చేవి, ఆమె దగ్గరే ఉండవు. లేనిది ఎక్కడ్నుంచి ఇస్తది? అందుకే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా వేస్తరు. ఆ టీకాను దేశంలో మొదట జన్యు పద్ధతిలో తయారుచేసింది హైదరాబాద్‌లోనే, వరప్రసాద్ రెడ్డి పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో. అప్పటిదాకా విదేశీ టీకా మామూలు మనుషులు కొనగలిగే ధరలో లేదు.

హెచ్‌ఐవి ఇంకా కష్టం. తల్లికి ఉంటే, బిడ్డకు సోకకపోయినా సరే, బిడ్డ రక్తంలో హెచ్‌ఐవి యాంటీబాడీలు ఉంటయి. అమ్మవి. ఏడాదిన్నర దాకా ఉండొచ్చు. మామూలు యాంటీబాడీ పరీక్ష చేస్తే పాజిటివ్ వస్తది. ఇది తెల్వని చోట్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద కూడా ముద్ర పడ్డది. 2000లల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. తర్వాత ఆరు వారాల వయసులోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి నేరుగా వైరస్‌నే వెతికే పరీక్ష వచ్చింది. ఇంకోటి కూడా బయటపడ్డది: హెచ్‌ఐవి ఉన్న తల్లి నుంచి తట్టు లాంటి వేరే జబ్బుల యాంటీబాడీలు కూడా బిడ్డకు తక్కువగా దాటుతయి. మాయలో మలేరియా చేరితే కూడా అంతే. అంటే ఒక జబ్బు వచ్చి, దానితో సంబంధం లేని పది జబ్బుల కాపలాను కూడా పలచన చేస్తది. బిడ్డకు అసలు జబ్బు సోకలేదని మనం ఊపిరి పీల్చుకుంటం గానీ, మాయ ఆ పాటికే దెబ్బతిని ఉంటది.

రుబెల్లా సంగతి వేరే. తల్లికి చిన్న దద్దుర్లు, రెండు రోజుల జ్వరం. కానీ మొదటి మూడు నెలల్లో వస్తే బిడ్డ కండ్లు, చెవులు, గుండె దెబ్బతింటయి. ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ 1941లో దీన్ని పట్టుకున్నడు. తన దగ్గరికొచ్చే శుక్లాల పిల్లల తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిందని గమనించి. ఆ నెలల్లో తల్లి ఐజీజీ ఇంకా పడవ ఎక్కనే లేదు, ఆమెకే అది తయారు కాలేదు. 2017 ఆగస్టులో మన బడుల్లో పిల్లలందరికీ వేసిన ఎంఆర్ టీకా గుర్తుందా? ఏడ్చుకుంట వేయించుకున్నోళ్లు మీలో చాలామందే ఉంటరు. అది మీ కోసం ఒక్కటే కాదు, రేపు మీకు పుట్టబోయే పిల్లల కోసం కూడా.

ఇక కరోనా. 2021 జనవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కాన్పుకొచ్చిన 1471 మందిని చూస్తే 83 మందిలో కరోనా యాంటీబాడీలు ఉన్నయి. వాళ్ల పిల్లల్లో 72 మంది బొడ్డుతాడు రక్తంలో ఐజీజీ దొరికింది. ఏ బిడ్డలోనూ ఐజీఎం లేదు. తల్లికి జబ్బొచ్చిన రోజుకూ కాన్పుకూ మధ్య ఎన్ని ఎక్కువ రోజులుంటే బిడ్డకు అంత ఎక్కువ చేరింది. అక్క 25 రోజుల లెక్క చదివినప్పుడు నేను ఇదే పేజీ మీద వేలు పెట్టి ఆగిన.

అదే ఏడాది బోస్టన్ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పిండ్రు. అది చదివి బోధన్ వాణ్ణి కాబట్టి నాకు నవ్వొచ్చింది. ప్రతి ఐజీజీ తోక మీద చిన్న చక్కెర గొలుసు ఉంటదట. నిజమే, చక్కెర. ఆ గొలుసు ఆకారాన్ని బట్టి మాయ దాన్ని ఎంత బాగా పట్టుకుంటదో మారుతది. చివరి మూడు నెలల్లో కరోనా వచ్చిన తల్లుల్లో, కరోనా మీద తయారైన ఐజీజీల చక్కెర గొలుసులు మారిపోయినయి. అవి అనుకున్నంతగా బిడ్డకు దాటలేదు. విచిత్రం ఏందంటే అదే తల్లి నుంచి, అదే మాయ గుండా, ఫ్లూ, కోరింత దగ్గు యాంటీబాడీలు బాగానే దాటినయి. నాలుగు నుంచి ఆరో నెల మధ్య జబ్బొచ్చిన తల్లుల్లో ఈ తేడా కనబడలేదు. అంటే జబ్బు వచ్చిందా అన్నదే కాదు, ఏ నెలలో వచ్చింది అన్నది కూడా లెక్కలోకి వస్తది. మా అక్కకు వచ్చింది చివర్లోనే. పాపకు చేరింది, కానీ నిండుగా చేరిందని నేను చెప్పలేను.

ఇక్కడ నాకు కోపం తెప్పించే ఒక తేదీ ఉంది. మన దేశంలో కడుపుతో ఉన్నోళ్లకు కరోనా టీకా వేసుకోవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది 2021 జూలై 2న. రెండో వేవ్ గర్భిణులను మొదటి వేవ్ కంటే ఘోరంగా దెబ్బకొట్టి పోయిన తర్వాత. ట్రయల్స్‌లో గర్భిణులను చేర్చలేదు, అందుకే సమాచారం లేదు, సమాచారం లేదు కాబట్టి టీకా లేదు. జాగ్రత్త పేరుతో జరిగిందే ఇది. పక్కనే బంగ్లాదేశ్‌లో గర్భిణులకు ఫ్లూ టీకా వేసి చూస్తే పిల్లల్లో మొదటి ఆరు నెలల ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లోనే ప్రచురించి ఉంది. దారి తెలిసే ఉంది. నడవడానికి ఆలస్యమైంది.

పాలు ఇవ్వనీయకుండా ఆ నాలుగు రోజులు ఆపింది కూడా అట్లాంటిదే. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లి పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచే చెప్తున్నది. ఆ వార్డులో ఉన్నోళ్లు చెడ్డోళ్లు కాదు, భయపడ్డరు. మా అక్క మాత్రం ఆ నాలుగు రోజులు ముర్రుపాలు గుడ్డలోకి పిండుకున్నది.

అమ్మ ఇచ్చింది ఎప్పుడూ మంచే చేస్తదా అంటే, డెంగీ ఒక్కటి ఆలోచనలో పడేస్తది. బ్యాంకాక్‌లో హాల్‌స్టెడ్ లాంటి పరిశోధకులు గమనించింది: ఇంతకుముందు డెంగీ వచ్చిన తల్లుల పిల్లలకు మొదటి నెలల్లో రక్షణ ఉంది. కానీ ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, అమ్మ యాంటీబాడీలు పలచబడ్డాక, మొదటిసారి డెంగీ వచ్చినా తీవ్రంగా వచ్చింది. వైరస్‌ను చంపడానికి సరిపోనంత తక్కువగా ఉన్న యాంటీబాడీ, ఉల్టా దాన్ని కణంలోకి మోసుకుపోతది. వానాకాలం వస్తే నిజామాబాద్‌లో ఏ గల్లీలో ఎన్ని కూలర్లు, టైర్లు, గాబుల్లో నీళ్లుంటయో మీకు చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో దోమతెర పగలు కూడా కట్టండి, డెంగీ దోమ పగలే కుడ్తది.

తల్లి ఐజీజీ మూడు వారాలకోసారి సగమైతది. అంటే 21వ రోజు తొట్టెలలో వేసే నాటికి బిడ్డ దగ్గర సగం అయిపోయినట్టే. ఇంకో మూడు వారాలకు నాలుగో వంతు. తట్టు టీకా తొమ్మిదో నెలలో వేయడానికి కారణం కూడా ఇదే. ముందే వేస్తే మిగిలి ఉన్న అమ్మ యాంటీబాడీలు టీకాలోని బలహీనమైన వైరస్‌ను కూడా శత్రువనుకుని మింగేస్తయి, బిడ్డకు సొంతంగా నేర్చుకునే అవకాశం ఉండదు.

మా పాపకు ఆ టీకా 2022 ఫిబ్రవరిలో వేయించినం. ఏఎన్ఎం మేడం కార్డు అడిగితే అక్క ప్లాస్టిక్ కవర్‌లోంచి మొత్తం కాగితాలు తీసింది. ఆ రిపోర్టు కూడా బయటపడ్డది. మేడం చదివి, "ఐజీఎం లేదు కదమ్మా, మరి దేనికి భయపడ్డరు?" అన్నది. అక్క ఏమీ అనలేదు. బావ గోడ వైపు చూసిండు. పాప సూదికి గట్టిగా ఏడ్చింది, తర్వాత మేడం పెన్ను లాక్కున్నది.

బావ వాళ్ల మేనత్త గేటుకు తగిలించిన చీర మా అక్క ఇంకా కట్టలేదు. మొన్న దసరాకు ఆమె ఇంటికొస్తే పాప పోయి ఆమె ఒళ్లో కూసున్నది.